113 రోజులు నీళ్ల మీద: రోహింగ్యాల పడవను ఏ తీరమూ ఎందుకు రానివ్వదు?

2021 ఫిబ్రవరి 11న బంగ్లాదేశ్‌లోని కాక్స్‌బజార్ ఒడ్డు నుంచి ఒక చేపల పడవ మలేసియా వైపు బయల్దేరింది. అందులో 90 మంది రోహింగ్యాలు, బర్మా (ఇప్పటి మయన్మార్) నుంచి పారిపోయి వచ్చిన ముస్లింలు. వాళ్లలో 64 మంది ఆడవాళ్లు, ఆడపిల్లలే. నాలుగు రోజులకు ఇంజన్ ఆగిపోయింది. తర్వాత తిండి అయిపోయింది, ఆ తర్వాత మంచినీళ్లు. అండమాన్ సముద్రంలో కొట్టుకుపోతున్న ఆ పడవను మన తీర రక్షక దళం ఓడలు వెతికి పట్టుకునేసరికి ఎనిమిది మంది చనిపోయి ఉన్నారు. ఒకరి జాడే లేదు.

మనవాళ్లు తిండి పెట్టారు, నీళ్లిచ్చారు, వైద్యం చేశారు. ఒడ్డుకు మాత్రం తీసుకురాలేదు. పడవలో 47 మంది దగ్గర బంగ్లాదేశ్‌లోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డులున్నాయి, కాబట్టి వాళ్లను వెనక్కి తీసుకోండని మన విదేశాంగ శాఖ ఢాకాను అడిగింది. పడవ మా జలాల్లో లేదు, వాళ్లు మా పౌరులూ కారు అని ఢాకా జవాబిచ్చింది. మార్చి గడిచింది, ఏప్రిల్ గడిచింది, మే కూడా గడిచింది. జూన్ 4న ఇండోనేసియాలోని ఆచే తీరానికి దగ్గర్లో ఇడమాన్ అనే చిన్న దీవికి 81 మంది చేరారు. లెక్క వేస్తే 113 రోజులు.

ఆ పడవ ఎవరి కంటా పడకుండా తప్పిపోయి ఉంటే కథ వేరు. అది అక్కడుందని ప్రభుత్వాలకు తెలుసు, పత్రికలకు తెలుసు, ఐక్యరాజ్యసమితికి తెలుసు. తెలిసి కూడా 113 రోజులు ఎలా పట్టింది? నన్ను ఈ విషయంలోకి లాగింది ఆ ప్రశ్నే. తుపానులో మునిగిన పడవ గురించి చదివితే ప్రకృతిని తిట్టుకుని ఊరుకోవచ్చు. సముద్రం ప్రశాంతంగా ఉండగా, ఓడలు వచ్చి చూసి వెళుతుండగా, నెలల తరబడి ఎవరూ దించుకోని పడవ గురించి చదివినప్పుడు ఊరుకోవడం కష్టం.

విమానం ఎందుకు ఎక్కరు?

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. మలేసియాలో పని కావాలంటే మన ఊళ్లవాళ్లు పాస్‌పోర్టు తీసుకుని, అప్పో సప్పో చేసి, ఏజెంటుకు డబ్బు కట్టి విమానం ఎక్కుతారు. మోసపోయినా ఎంబసీ అనేది ఒకటుంటుంది. రోహింగ్యాకు పాస్‌పోర్టు ఇచ్చే దేశమే లేదు.

బర్మా పశ్చిమాన, బంగాళాఖాతం అంచున అరకాన్ ఉంది. ఇప్పుడు రఖైన్ రాష్ట్రం అంటున్నారు. అక్కడి ముస్లింల చరిత్రలో రెండు పాయలున్నాయి. 15వ శతాబ్దంలో మొదలైన మ్రౌక్-ఊ రాజ్యం నాటి నుంచీ ఉన్నవాళ్లు కొందరు. 1799లోనే ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లాండ్ వైద్యుడు, ఆ ముస్లింలు తమను తాము ‘రూయింగా’ అని చెప్పుకుంటున్నారని రాసిపెట్టాడు. రెండో పాయ బ్రిటిష్ పాలనలో చిట్టగాంగ్ వైపు నుంచి పొలం పనులకు వచ్చి స్థిరపడినవాళ్లది. తరాల తరబడి ఈ రెండు పాయలూ కలిసిపోయాయి. 1960ల మొదట్లో బర్మా ప్రభుత్వ రేడియోలో రోహింగ్యా భాషలో కార్యక్రమం కూడా వచ్చేది. 1962లో సైన్యం గద్దెనెక్కాక ఒక్కొక్క తలుపే మూసుకుంటూ వచ్చింది. 1978లో ‘నాగమిన్’ పేరుతో జరిగిన గాలింపుకు తట్టుకోలేక సుమారు 2 లక్షల మంది బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 1982లో కొత్త పౌరసత్వ చట్టం వచ్చింది. 1823కు ముందు నుంచి బర్మాలో ఉన్న ‘జాతీయ జాతుల’ వాళ్లే పూర్తి పౌరులని అది తేల్చింది. ప్రభుత్వం గుర్తించిన 135 జాతుల పట్టికలో రోహింగ్యాల పేరు లేదు.

1823 దగ్గరే గీత ఎందుకు గీశారు? మరుసటేడు, 1824లో, తొలి ఆంగ్లో-బర్మా యుద్ధం మొదలైంది. తెల్లవాళ్లతోపాటు వచ్చిన వాళ్లెవరూ మావాళ్లు కాదు అని చెప్పడానికే ఆ గీత. ఇది మనకు కూడా తగిలిన గీతే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువాళ్లను ‘కోరంగీ’లనే పిలిచేవారు. మా ఉత్తరాంధ్రలో ‘రంగం పోయాడు’ అంటే రంగూన్ వెళ్లాడని అర్థం. ఆ మాట వినని పాత కుటుంబం అరుదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తీరి తెలుగువాళ్లు పనిలోకి రాగానే బర్మావాళ్లను వెళ్లగొట్టాయి. దాంతో అల్లర్లు రేగాయి. లాభం కంపెనీలది, కత్తిపోట్లు కూలీలవి. వందమందికి పైగా పోయారు, పోయినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. ఆనాడు వాళ్ల మీద విసిరిన ‘కలా’ (పరదేశి అనే తిట్టు) అనే మాటనే ఈనాడు రోహింగ్యాల మీద విసురుతున్నారు.

1942లో జపాను సేనలు వచ్చిపడ్డప్పుడు లక్షల మంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. దారిలో వేల మంది రాలిపోయారు. 1964లో సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక మరో 3 లక్షల మంది దాకా వచ్చేశారు. అలా వచ్చినవాళ్లకు పత్రికల్లోనూ రెవెన్యూ కాగితాల్లోనూ ‘బర్మా కాందిశీకులు’ అని పేరు పడింది. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. కాందిశీకుడు అన్న సంస్కృతపు మాటకు మూలం ‘కాం దిశం’ అంటారు. ‘ఏ దిక్కుకు?’ అని అడుగుతూ పరుగెత్తేవాడు. మన కాందిశీకులకు ఆ ప్రశ్నకు జవాబు ఉండేది. ఎంత ఆస్తి పోయినా, వాళ్ల కోసం ఓడలు పంపి, దిగాక క్యాంపు పెట్టి, స్థలం చూపించిన దేశం ఒకటుంది. రోహింగ్యా అదే ప్రశ్న వేస్తే దక్షిణాసియాలో గానీ ఆగ్నేయాసియాలో గానీ ఒక్క దేశం కూడా పలకదు. పడవల చిక్కుముడి మొత్తానికి మొదటి ముడి ఇదే.

క్యాంపు నుంచి పడవ దాకా

2012లో రఖైన్‌లో మతకల్లోలాలు జరిగి లక్షా 40 వేల మంది ఇళ్లు విడిచారు. సిట్వే పట్టణం బయట ముళ్లకంచెల మధ్య క్యాంపుల్లో పడ్డవాళ్లలో అత్యధికులు ఇంకా అక్కడే ఉన్నారు. 2014 జనాభా లెక్కల్లో రోహింగ్యా అని రాసుకోనివ్వలేదు. 2015లో చేతిలో ఉన్న తాత్కాలిక తెల్ల కార్డులు కూడా లాక్కున్నారు. 2017 ఆగస్టు 25న ఒక సాయుధ బృందం పోలీసు ఠాణాల మీద దాడి చేస్తే, సైన్యం ఊళ్లకు ఊళ్లనే తగలబెట్టింది. కొద్ది నెలల్లో 7 లక్షల మందికి పైగా సరిహద్దులోని నాఫ్ నది దాటి బంగ్లాదేశ్ చేరారు. కుటుపలాంగ్ ప్రపంచంలోకెల్లా పెద్ద శరణార్థి శిబిరమైంది. బంగ్లాదేశ్ పేద దేశం, అయినా సరిహద్దు మూయకుండా అంతమందినీ రానిచ్చింది. ఆ దేశాన్ని తప్పుపట్టే ముందు ఈ సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

రానిచ్చింది, బతకనిచ్చింది, బతుకు కట్టుకోనివ్వలేదు. క్యాంపులో వాళ్లకు ఉద్యోగం చేసే హక్కు లేదు. వెదురు బద్దలు, టార్పాలిన్‌లతో కట్టిన గుడిసెలే తప్ప పక్కా గోడ కట్టడానికి వీల్లేదు, ఎందుకంటే అది ‘తాత్కాలికం’. చుట్టూ కంచె. 2021 మార్చిలో మంటలు లేచినప్పుడు వేల గుడిసెలు కాలిపోయాయి. రాత్రిళ్లు ముఠాల రాజ్యం. 2023లో విరాళాలు తగ్గి, మనిషికి నెలకు 12 డాలర్ల తిండి కూపన్ ముందు 10కి, తర్వాత 8కి పడిపోయింది. 8 డాలర్లంటే రోజుకు పాతిక రూపాయల లోపు. ఆ ఏడాదే దాదాపు 4,500 మంది పడవలెక్కారు. వాళ్లలో 569 మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్కల్లో 2014 తర్వాత అంతటి చావుల ఏడాది అదే. కూపన్ కోసినందుకే జనం పడవెక్కారని సూటిగా రుజువు చేయలేం. కానీ కంచె లోపల పని చేసుకోనివ్వకుండా తిండి కూడా తగ్గించాక, పడవ ఎందుకెక్కారని అడిగే అర్హత ఎవరికుంటుంది?

ఒకప్పుడు పడవల్లో యువకులే ఎక్కువగా కనిపించేవారు. ఇప్పుడు సగానికి పైగా ఆడవాళ్లు, పిల్లలు. ముందు వెళ్లిన మగవాళ్లు మలేసియాలో కట్టుబడి పనుల్లో, హోటళ్లలో ఎలాగో కుదురుకున్నారు. అక్కడ శరణార్థుల సంస్థ దగ్గర నమోదైన రోహింగ్యాలే లక్షకు పైగా ఉన్నారు. వాళ్ల దగ్గరికి చేరడానికి భార్యలు బయల్దేరతారు. క్యాంపులో కట్నం ఇచ్చుకోలేని తండ్రి, ఫోన్‌లో కుదిరిన సంబంధానికి కూతుర్ని పడవెక్కిస్తాడు. పెళ్లికొడుకే దారి ఖర్చు పెట్టుకుంటాడు. ఆ పిల్ల వయసు చాలాసార్లు పద్దెనిమిది కూడా ఉండదు. ఇలాంటి వార్త చదివి ఆ తండ్రిని తిట్టుకోవడం తేలిక. కంచె లోపల ఆ పిల్లకు అంతకంటే మంచి దారి ఏదో చెప్పమంటే మాత్రం మాట పెగలదు.

ఈ ప్రయాణం నడిపేవాణ్ని వాళ్లు ‘దలాల్’ అంటారు. మన దళారే. వాడి లెక్క చాలా పకడ్బందీగా ఉంటుంది. వర్షాలు వెనకపట్టి సముద్రం సద్దుమణిగే అక్టోబరు, నవంబరుల్లో కాలం మొదలవుతుంది. మన తీరంలో వేట నిషేధం మొదలయ్యే ఏప్రిల్ రోజులకు అటు ఈ ప్రయాణాల కాలం ముగుస్తుంది. చీకటి పడ్డాక చిన్న చిన్న నాటు పడవల్లో జనాన్ని లోతు నీళ్లకు తీసుకెళ్లి, అక్కడ ఆగి ఉన్న పెద్ద చేపల పడవలోకి ఎక్కిస్తారు. ఆ పెద్ద పడవ నిండేదాకా రోజుల తరబడి అక్కడే కాచుకుని ఉంటారు. అంటే తీరం వదలకముందే సగం నీళ్లు ఖర్చయిపోతాయి.

లోపల ఎలా ఉంటుందో బయటపడ్డవాళ్లు చెప్పిన మాటలన్నీ ఒకదానికొకటి కలుస్తాయి. చేపలు, ఐసు వేసే అరల్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, ఒకరి కాళ్ల మధ్య ఒకరు వరసగా కూర్చోవాలి. కాళ్లు చాపితే పైన కాపలా ఉన్నవాడు కొడతాడు. గుప్పెడు అన్నం, కప్పు నీళ్లు. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకెళ్లిన బోటు ఇంజను చెడిపోతే సరంగు వైర్‌లెస్‌లో చెబుతాడు, పక్క బోటువాడు తాడు కట్టి లాక్కొస్తాడు, సాయంత్రానికి రాకపోతే యజమాని కోస్ట్‌గార్డుకు ఫోన్ చేస్తాడు. ఈ పడవకు అవేవీ లేవు. శాటిలైట్ ఫోన్ ఉంటే దలాల్ మనిషి దగ్గర ఉంటుంది. వాడు చిన్న పడవలో పారిపోయాడంటే దానితోపాటే వెళ్లిపోతుంది.

డబ్బు వసూలు పద్ధతి ఇంకా ఘోరం. ఎక్కేటప్పుడు కొంచెం ఇస్తే చాలంటారు. మిగతాది అవతల వసూలు చేస్తారు. దక్షిణ థాయిలాండ్ అడవుల్లో కర్రల బోనుల్లో మనుషులను కట్టిపడేసి, ఇంటికి ఫోన్ కలిపి, కొడుతూ ఆ అరుపులు వినిపించేవాళ్లు. డబ్బు వస్తే మలేసియా సరిహద్దు దాటిస్తారు. రాకపోతే అక్కడే గొయ్యి.

2015: మూడు దేశాల బంతాట

ఆ గోతులు 2015 మే 1న బయటపడ్డాయి. థాయిలాండ్‌లోని సొంగ్‌ఖ్లా రాష్ట్రం, పదంగ్ బెసార్ దగ్గర కొండ మీద ఒక పాడుబడ్డ మకాం, దాని చుట్టూ సమాధులు. కొన్ని రోజులకే సరిహద్దుకు అవతల మలేసియాలోని వాంగ్ కెలియన్‌లో 28 మకాములు, 139 గోతులు దొరికాయి. థాయ్ సైన్యంలో లెఫ్టినెంట్ జనరల్ స్థాయి అధికారి మనస్ కొంగ్‌పాన్‌కు కూడా ఈ వ్యాపారంలో చేయి ఉందని తేలింది. 2017లో అతనికి 27 ఏళ్ల శిక్ష పడింది, 2021లో జైల్లోనే చనిపోయాడు. ఇంతమంది మనుషులను ఇంత దూరం తరలించే పని దలాల్ ఒక్కడివల్ల అయ్యేది కాదని ఆ తీర్పుతో రుజువైంది.

సమాధులు బయటపడగానే థాయ్ పోలీసులు విరుచుకుపడ్డారు. తప్పక చేయాల్సిన పనే. కానీ అప్పటికే సముద్రం మీద వేల మంది ఉన్నారు. భూమ్మీద దారి మూసుకుపోయేసరికి పడవ నడిపేవాళ్లు వాళ్లను నడిసంద్రంలో వదిలేసి పారిపోయారు. థాయిలాండ్ తిండి, డీజిల్ ఇచ్చి ముందుకు తోసింది. మలేసియా నావికాదళం ఇండోనేసియా వైపు తోసింది. ఇండోనేసియా మలేసియా వైపు తోసింది. అలా తోయించుకున్న ఒక పడవలో, మిగిలిన కాస్త తిండి కోసం రోహింగ్యాలకూ అదే పడవలో పని వెతుక్కుంటూ ఎక్కిన బంగ్లాదేశీలకూ మధ్య కొట్లాట చెలరేగింది. గొడ్డళ్లు, ఇనప రాడ్లు లేచాయి. మునిగిపోతుండగా ఆచేలోని లంగ్సా జాలర్లు ఏడొందల మందికి చేరువగా ఒడ్డుకు చేర్చారు. మే 20న మలేసియా, ఇండోనేసియా దిగొచ్చి, ఏడాది పాటు తాత్కాలిక ఆశ్రయం ఇస్తామన్నాయి. ఆ తర్వాత బంగ్లాదేశీలు ఇళ్లకు వెళ్లిపోయారు, వాళ్లను తీసుకునే దేశం ఉంది కాబట్టి. రోహింగ్యాలు ఉండిపోయారు.

ఇక్కడ చట్టం ఏం చెబుతుందో చూడాలి, ఎందుకంటే చాలామంది చట్టమే లేదనుకుంటారు. ఉంది. సముద్రంలో ఆపదలో ఉన్నవాణ్ని కాపాడటం ప్రతి ఓడ కెప్టెన్ విధి. 1974 నాటి సముద్ర భద్రతా ఒప్పందం, 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 98వ అధికరణం ఈ మాటే చెబుతాయి. కాపాడాల్సినవాడి పాస్‌పోర్టు అడగమని ఏ ఒప్పందంలోనూ లేదు. చిక్కు తర్వాతి అడుగులో ఉంది. కాపాడినవాళ్లను ఎక్కడ దించాలి? సురక్షితమైన చోట దించాలి, ఆ ప్రాంతపు గాలింపు బాధ్యత ఉన్న దేశం అందుకు ఏర్పాటు చేయాలి అని 2004లో చేసిన సవరణలు చెబుతాయి. కానీ ఆ దేశం తన రేవులోనే దించుకుని తీరాలని ఎక్కడా లేదు. ఆ ఒక్క ఖాళీ చాలు. 2001లో నార్వే ఓడ ‘టాంపా’ 430 మందికి పైగా శరణార్థులను కాపాడి ఆస్ట్రేలియా వైపు వస్తే, ఆ దేశం ఓడ మీదికి సైనికులను పంపింది. ఇలాంటివి చూశాక సరుకు ఓడ కెప్టెన్ దూరంగా పడవ కనిపిస్తే ఏం ఆలోచిస్తాడో ఊహించండి. ఎక్కించుకున్నాక ఏ రేవూ రానివ్వకపోతే రోజుకు లక్షల నష్టం అతని కంపెనీకే.

నావికాదళాలకు ఇంకో వెసులుబాటు ఉంది. ఇంజన్ ఆడుతూ, నీళ్లు చాలినన్ని ఉన్న పడవ ‘ఆపదలో’ లేనట్టే లెక్క. అందుకని డీజిల్ పోసి, నీళ్ల డబ్బాలు అందించి, తమ జలాల అంచు దాకా తోడొచ్చి వదిలేస్తారు. సాయం చేసినట్టు రాసుకోవచ్చు, దించుకునే బాధా లేదు. 2020లో కొవిడ్ పేరు చెప్పి మలేసియా వెనక్కి పంపిన ఒక పడవ రెండు నెలలు తిరిగి తిరిగి బయల్దేరిన బంగ్లాదేశ్ తీరానికే చేరింది. దాదాపు 400 మంది ఎముకల గూళ్లలా దిగారు. రెండు డజన్ల మందికి పైగా దారిలోనే పోయారు.

భారత్, బంగ్లాదేశ్, థాయిలాండ్, మలేసియా, ఇండోనేసియా. ఈ అయిదు దేశాల్లో ఒక్కటి కూడా 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. కాబట్టి దిగినవాడు శరణార్థి కాదు, అక్రమంగా చొరబడినవాడు. మొదట దించుకున్న దేశం మీదే భారమంతా పడుతుంది, ఎన్నేళ్లో తెలియదు, పంచుకునే పొరుగువాడు లేడు. అందుకే ప్రతి దేశమూ ఇంకాస్సేపు ఆగితే పడవ పక్కింటి వైపు పోతుందేమోనని చూస్తుంది. ఆ ఎదురుచూపులోనే ఆ 113 రోజులూ గడిచిపోయాయి.

ఒక్క పడవను దింపితే పది పడవలు వస్తాయన్నది ప్రభుత్వాల వాదన. దీన్ని కొట్టిపారేయకూడదు, దలాల్ నిజంగానే పాత ప్రయాణాలు చూపించి కొత్తవాళ్లను ఒప్పిస్తాడు. కానీ మలేసియా ఏనాడూ స్వాగతం పలకలేదు. పట్టుబడితే నిర్బంధ కేంద్రమే, పిల్లలకు ప్రభుత్వ బడి లేదు, పెద్దలకు చట్టబద్ధమైన పని లేదు. అయినా వస్తున్నారు. 2025 మే 9, 10 తేదీల్లో రెండు పడవలు మునిగి 427 మంది చనిపోయి ఉంటారని శరణార్థుల సంస్థ ప్రకటించింది. రెండింటిలో కలిపి 514 మంది ఎక్కితే మిగిలింది 87 మంది. మే అంటే వర్షాలు ముంచుకొచ్చే కాలం, దలాల్ కూడా మామూలుగా జంకే కాలం. రఖైన్‌లో సైన్యానికీ, రఖైన్ జాతివాళ్ల సాయుధ దళమైన అరకాన్ ఆర్మీకీ మధ్య యుద్ధం ముదిరి, సైన్యం రోహింగ్యా కుర్రాళ్ల చేత బలవంతంగా తుపాకీ పట్టించి, 2024 ఆగస్టులో నాఫ్ ఒడ్డున పారిపోతున్న కుటుంబాల మీద డ్రోన్లు బాంబులు కురిపించిన తర్వాతి మాట ఇది. వెనక నిప్పు అంత దగ్గరికొచ్చాక ఎదుటి తీరం ఆదరిస్తుందా లేదా అని ఎవరూ లెక్క వేసుకోరు.

ఒకసారి ముడి విప్పారు

ఇదంతా తీరని సమస్య అని చేతులెత్తేసేవాళ్లు వియత్నాంను గుర్తు చేసుకోవాలి. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయాక రెండు దశాబ్దాల్లో 8 లక్షల మంది దాకా పడవల్లో బయటపడి పొరుగు తీరాలు చేరారు. చేరకుండా దొంగల చేతుల్లో, నీళ్లలో పోయినవాళ్లు లెక్కకు అందరు. 1979 జూన్‌లో ఇవే దేశాలు, మలేసియా, థాయిలాండ్, ఇండోనేసియాలతో సహా, ఇక ఒక్కరినీ రానివ్వం అన్నాయి. పడవలను తిరిగి సముద్రంలోకి లాగేశాయి. జులైలో జెనీవాలో 65 దేశాలు కూర్చుని ఒక బేరం కుదుర్చుకున్నాయి. తీర దేశాలు దించుకోవాలి, కొంతకాలం ఉండనివ్వాలి. అమెరికా, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా, కెనడా వంటివి వాళ్లను తీసుకెళ్లిపోవాలి. తీసుకెళ్తామన్న సంఖ్య లక్షా 25 వేల నుంచి 2 లక్షల 60 వేలకు పెరిగింది. వియత్నాం నుంచి విమానంలో చట్టబద్ధంగా వచ్చే దారి కూడా తెరిచారు. మలేసియాలోని బిడాంగ్ దీవి మీదుగానే రెండున్నర లక్షల మంది దాకా కొత్త జీవితాలకు వెళ్లారు. లోపాలు లేవని కాదు, సముద్రపు దొంగలు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పీడించారు. కానీ దించుకున్న దేశానికి ఈ భారం నీ ఒక్కదానిదే కాదు అన్న హామీ దొరికింది. హామీ దొరకగానే తీరాలు తెరుచుకున్నాయి.

ఇప్పుడు తేడా అల్లా ఆ రెండో భాగం, అంటే తీసుకెళ్లే దేశాలు, లేకపోవడమే. వియత్నాం శరణార్థి వెనక అమెరికా యుద్ధం ఉంది, ప్రచ్ఛన్న యుద్ధపు రాజకీయం ఉంది. రోహింగ్యా వెనక ఓడిన పెద్ద దేశం ఏదీ లేదు. అరకొరగా తీసుకుంటున్న అమెరికా కూడా 2025 జనవరిలో శరణార్థుల ప్రవేశాన్ని ఆపేసింది.

మన దేశం సంగతి. ఇక్కడ సుమారు 40 వేల మంది రోహింగ్యాలున్నారని 2017లో కేంద్రం చెప్పింది. హైదరాబాద్ బాలాపూర్‌లో రేకుల కిందా టార్పాలిన్ల కిందా కొన్ని వేల మంది ఉంటున్నారు. చెత్త ఏరుకునేవాళ్లు, కూలికెళ్లేవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది భూమి మీదుగానే వచ్చారు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, చట్టం చెప్పిన పద్ధతి పాటిస్తే వాళ్లను పంపించవచ్చంది. 2025 మేలో, ఢిల్లీ నుంచి 40 మంది దాకా తీసుకెళ్లి లైఫ్ జాకెట్లు తొడిగి బర్మా తీరానికి దగ్గర్లో సముద్రంలోకి దింపారని ఆరోపణ వచ్చింది. ఐక్యరాజ్యసమితి నిపుణుడు విచారణ మొదలుపెట్టారు, సుప్రీంకోర్టు మాత్రం ఆధారాలేవని పిటిషనర్లను నిలదీసింది. నిజం తేలాల్సిందే. అది అబద్ధమైతే ఈ దేశపు పౌరుడిగా అందరికంటే ముందు ఊపిరి పీల్చుకునేవాణ్ని నేనే.

జాలర్ల చట్టం

ఆచేలో ‘పంగ్లిమా లావోత్’ అనే వ్యవస్థ ఉంది. మన తీరంలోని కుల పెద్దల లాంటిదే, కానీ వందల ఏళ్ల నాటిది, ఇప్పటికీ చెల్లుబాటు అవుతున్నది. శుక్రవారం వేటకు వెళ్లకూడదు. డిసెంబరు 26న వెళ్లకూడదు, ఎందుకంటే 2004లో ఆ ఉదయం వచ్చిన సునామీ ఆచేలో లక్షన్నర మందికి పైగా మింగేసింది. మన కోస్తాను కూడా తాకిన అలే అది. ఇంకో నియమం: సముద్రంలో ఎవరైనా ఆపదలో కనిపిస్తే, ఆఖరికి శవం కనిపించినా, వల వదిలేసి వెళ్లాలి. 2020 జూన్‌లో వందకు చేరువగా రోహింగ్యాలున్న పడవను అధికారులు కొవిడ్ భయంతో దింపనివ్వమంటే, లాంచోక్ ఊరి జనం తామే వెళ్లి తీసుకొచ్చి, తాళ్లు పట్టి లాగి, ఇసుక మీదికి దింపేశారు. ఆ దృశ్యం చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

అదే ఆచేలో 2023 నవంబరు, డిసెంబరుల్లో 1,500 మందికి పైగా దిగారు. సాయం చేసే పల్లె కూడా పేదదే. సోషల్ మీడియాలో విద్వేషం వరదలా పారింది. డిసెంబరు 27న బండా ఆచేలో 137 మంది శరణార్థులు తలదాచుకున్న హాలులోకి విద్యార్థుల గుంపు చొరబడింది. నేల మీద కూర్చున్న ఆడవాళ్లు పిల్లలను ఒళ్లో దాచుకుని ఏడుస్తున్నారు, ఎదురుగా కాలేజీ జాకెట్లు వేసుకున్న కుర్రాళ్లు అరుస్తున్నారు. పంచుకునేవాడు లేని భారం దయను కూడా ఇలా అరగదీస్తుంది.

2024 మార్చి 20న పశ్చిమ ఆచే తీరానికి దూరంగా వేటలో ఉన్న జాలర్లకు తిరగబడిన ఒక పడవ కనిపించింది. బోర్లాపడిన అడుగుభాగం మీద మనుషులు ఒకరినొకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. జాలర్ల బోటు చిన్నది, అందరూ ఎక్కితే అదీ మునుగుతుంది. ఆరుగురిని తీసుకొచ్చి, మిగతావాళ్ల సంగతి అధికారులకు చెప్పారు. మిగిలినవాళ్లు ఆ రాత్రంతా ఆ చెక్క మీదే వానలో ఉన్నారు. మర్నాడు గాలింపు ఓడ వెళ్లి 69 మందిని దించింది. ఎక్కింది దాదాపు 150 మంది. ఒడ్డుకు చేరిన 75 మందినీ ఎక్కడ ఉంచాలన్నది తేలలేదు. దగ్గర్లోని ఊరివాళ్లు మా ఊళ్లో వద్దని అడ్డం తిరిగితే, వాళ్లను ట్రక్కుల్లో ఎక్కించి ఇంకో చోటికి తీసుకెళ్లారు.